వదిన చెయ్యి ఎత్తిన చోటు

ఫిర్యాదు కాగితం మీద చిరునామాను అతను రెండుసార్లు చదివాడు. అది అన్నయ్య ఇల్లు. రోజూ పొద్దున ఎనిమిదింటికి ఆ పెరట్లో ఎవరో మోటార్ సైకిల్ స్టార్ట్ చేసి పావుగంట సేపు హోరెత్తిస్తున్నారనీ, రాత్రి డ్యూటీ చేసి వచ్చిన తనకు కంటి మీద కునుకు ఉండటం లేదనీ పక్కింటి నర్సు రాసింది. అన్నయ్య లారీ గుద్ది పోయి పద్నాలుగు నెలలు. ఆ బండితో ఇప్పుడు ఎవరికి పని?

అతను వాహనాల తనిఖీ కేంద్రంలో పొగనూ చప్పుడునూ కొలిచే ఉద్యోగి. ఆఫీసులో అందరూ అతన్ని మీటరు అంటారు. ఇంట్లో కుక్కర్ కూత పెట్టినా ఎన్ని డెసిబెల్సో చెప్పేస్తాడని వాళ్ళ ఎగతాళి.

"మీ వాళ్ళ ఇల్లే కదా మీటరూ, నువ్వే వెళ్ళి నచ్చజెప్పిరా," అన్నాడు పై అధికారి.

మర్నాడు పొద్దున ఆఫీసు జీపులో బయల్దేరాడు. చప్పుళ్ళు అదుపు చేసే ఆఫీసు జీపుకు లారీ హారన్ ఉండటం ఊళ్ళో అందరికీ నవ్వులాట. వీధి మలుపులోనే ఆ హోరు వినిపించింది. అన్నయ్య ఇంటికి వచ్చేటప్పుడు అచ్చం ఇలాగే ఉండేది. అతని కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. కాసేపటిదాకా జీపు కదల్లేదు.

పెరట్లో, స్టాండు వేసి ఉన్న బండి మీద వదిన కూర్చుని ఉంది. తలకు హెల్మెట్, కళ్ళు మూసుకుని ఉన్నాయి. ప్రమాదంలో నుజ్జయిన ముందు చక్రం మార్పించింది కాబోలు, కొత్తగా మెరుస్తోంది. వెనక మాత్రం అదే లావుపాటి సైలెన్సర్. లోపలి గొట్టాలన్నీ అన్నయ్య తన చేతులతో పీకేసినది. చప్పుడు కొలిచే మీటరు పట్టుకుంటే నూట రెండు డెసిబెల్స్ చూపించింది. ఉండాల్సింది ఎనభై లోపు.

భుజం తడితే ఇంజన్ ఆపింది.

"ఏంటి వదినా ఇది?"

"లారీ డ్రైవర్ ఏమన్నాడో గుర్తుందా? నాలుగుసార్లు హారన్ కొట్టాను, వినిపించుకోలేదు, అడ్డంగా తిప్పేశాడు అన్నాడు. వినిపించలేదు అనలేదు. వినిపించుకోలేదు అన్నాడు."

"ఏదో మాటవరసకి అని ఉంటాడు."

"ఆ రోజు పొద్దున మేమిద్దరం గొడవపడ్డాం. అనకూడని మాట అన్నాను. తిండి కూడా తినకుండా వెళ్ళిపోయాడు. విని కూడా తప్పుకోలేదేమో అని..." హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. "రోజూ ఈ టైముకి బడి వ్యాన్ హారన్ కొడుతూ పోతుంది. వినిపిస్తుందేమోనని కూర్చుంటాను. ఆ లారీ వాడు ఎప్పుడు కొట్టాడో, ఎంత దూరంలో కొట్టాడో చెప్పేవాళ్ళు లేరు. నువ్వు కొట్టు. వినిపిస్తే చెయ్యి ఎత్తుతాను."

మళ్ళీ హెల్మెట్ పెట్టుకుని ఇంజన్ స్టార్ట్ చేసింది. అతను వెళ్ళి జీపెక్కాడు. వీధి చివరి నుంచి హారన్ కొట్టాడు. పెరటి గేటు మధ్య నుంచి వదిన వీపు కనిపిస్తోంది. చెయ్యి లేవలేదు. సగం దూరం వచ్చి కొట్టాడు. లేవలేదు. ఎదురింటి కిటికీలు తెరుచుకున్నాయి. గేటు ముందుకు వచ్చి, నొక్కి పట్టి కొట్టాడు. అప్పుడు లేచింది చెయ్యి.

జీపు దిగి బండి దాకా అడుగులు లెక్కపెట్టాడు. పది.

"పది అడుగుల్లో లారీ ఆగదు కదూ?" అంది వదిన, ఇంజన్ ఆపి.

"ఆగదు."

ఆమె బండి మీదే ముందుకు వంగి ఏడ్చింది. "వినిపించలేదు. నిజంగానే వినిపించలేదు ఆయనకి." ఎన్నాళ్ళుగానో బిగబట్టిన ఊపిరి వదిలినట్టుంది ఆ ఏడుపు.

అతను వంగి సైలెన్సర్ వైపు చూశాడు.

"వదినా, ఈ బండికి సర్టిఫికెట్ ఇచ్చింది నేనే. పరీక్ష రోజు కంపెనీ సైలెన్సర్ బిగించుకు రమ్మని అన్నయ్యకి నేనే చెప్పాను. సాయంత్రం మళ్ళీ ఇది బిగించడానికి స్పానర్ కూడా నేనే అందించాను. ఆ చప్పుడుకి ఇద్దరం నవ్వుకున్నాం."

వదిన బండి దిగింది. తిట్టలేదు. లోపలికి వెళ్ళి అటక మీద నుంచి కంపెనీ సైలెన్సర్ దించి తెచ్చి అతని కాళ్ళ దగ్గర పెట్టింది.

"మార్చేసి వెళ్ళు."

మార్చాడు. స్టార్ట్ చేస్తే డెబ్బై ఆరు. వదిన గుమ్మంలో నిలబడి ఆ మెత్తని చప్పుడు విన్నది.

"ఎవరి బండో అన్నట్టుంది," అని తలుపు వేసుకుంది.

ఆఫీసుకు వెళ్ళి ఫిర్యాదు మూసేశాడు. ఇంకో కాగితం తీసి, సర్టిఫికెట్ సంగతి ఉన్నదున్నట్టు రాసి అధికారి బల్ల మీద పెట్టాడు. నెల తిరక్కుండా అతన్ని ఉద్యోగం నుంచి తప్పించారు. మీటరుకు మతి పోయిందన్నారు తోటివాళ్ళు. పొద్దున ఎనిమిదైతే చాలు, అతనికి చెవుల్లో ఆ హోరు మొదలయ్యేది. కిటికీలు మూసుకున్నా ఆగేది కాదు.

ఒకరోజు పొద్దున ఎనిమిది కాకముందే వదిన ఫోన్ చేసింది.

"ఈ టైములో ఏం చెయ్యాలో తోచడం లేదు. రాగలవా?"

నడుచుకుంటూ వెళ్ళాడు. ఇద్దరూ గుమ్మంలో కూర్చున్నారు. బడి వ్యాన్ హారన్ కొట్టుకుంటూ వెళ్ళింది. ఇద్దరికీ వినిపించింది.