బెంచీ మీద రత్నమాల నొప్పి

పంజాగుట్ట మెట్రో స్టేషన్ వెనక సందులో ఉన్న ఆ నర్సింగ్ హోమ్‌లో పొద్దున ఏడింటికే గొడవ మొదలవుతుంది. లిఫ్ట్ పనిచేయదు, రిసెప్షన్‌లో ఫోనెత్తరు, ఆపరేషన్ థియేటర్ బయట బెంచీ మీద చోటు దొరకదు. కూర్చునేది మనుషులే అయితే సర్దుకోవచ్చు. మంజూష డాక్టరు మత్తిచ్చిన ప్రతి మనిషి ఒంట్లోంచీ నొప్పి లేచొచ్చి అక్కడే కూర్చుంటుంది మరి! మోకాలెత్తు ఉంటాయి, బూడిదరంగు. మనిషికి తెలివి రాగానే లేచి, ఆ మంచం వెతుక్కుంటూ వెళ్లిపోతాయి. నడుం నొప్పులకైతే మర్యాదే లేదు, బెంచీ పొడుగునా పడుకుంటాయి. "ఏయ్, జర జరుగు" అని ఆయా స్వరాజ్యం చీపురుతో అదిలిస్తే గానీ కదలవు.

ఒక్క నొప్పి మాత్రం ఎనిమిది నెలలుగా ఆ బెంచీ మూలనే కూర్చుని ఉంది. అది రత్నమాలది. గాల్‌బ్లాడర్లో రాళ్లని ఆపరేషన్‌కొచ్చిన ముప్పైనాలుగేళ్ల మనిషి. "రాత్రి నుంచి ఏమీ తినలేదండీ" అంది. మంజూష నమ్మి మత్తిచ్చింది. కడుపులో ఉన్న తిండి పైకి తన్ని ఊపిరితిత్తుల్లో పడింది. రత్నమాల మళ్లీ లేవలేదు. ఆవిడ నొప్పికి ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలీలేదు.

అప్పట్నుంచీ మంజూషకు కుదురు లేదు. రత్నమాల ఎందుకు అబద్ధమాడింది? అన్నం కలుపుతున్నా అదే, స్కూటీ మీద అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఆగినా అదే. వెనకవాడు హారన్ కొడితే గానీ పచ్చలైటు కనపడదు. ఆ బెంచీ ముందునుంచి వెళ్లేటప్పుడు ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తుంది. పాపం, నొప్పి మాత్రం తలెత్తి చూస్తుంది.

ఆ మంగళవారం బల్కంపేట నుంచి హనుమాండ్లు అనే ఎలక్ట్రీషియన్ వచ్చాడు. అవే రాళ్లు, అదే ఆపరేషన్.

"ఏమైనా తిన్నారా?"

"లేదు మేడం. రాత్రి సంది మంచినీళ్లు సుత ముట్టలే."

"నిజంగా?"

"అరె, అబద్ధం ఎందుకు చెప్త మేడం!"

సర్జన్ రఘురామ్ గడియారం చూసుకున్నాడు. పదింటికి సోమాజిగూడలో ఆయనకు ఇంకో కేసుంది. "మంజూష గారూ, ఎంతసేపండీ? అడిగిందే అడుగుతున్నారు."

మంజూష సిరంజి చేతిలోకి తీసుకుంది. అప్పుడే థియేటర్ తలుపు తోసుకుని రత్నమాల నొప్పి లోపలికొచ్చింది. ఎనిమిది నెలల్లో అది బెంచీ దిగడం అదే మొదలు. "టోపీ లేకుండా దీన్ని లోపలికి రానిచ్చిందెవరు?" అని నర్సు విసుక్కుంది. నొప్పి ఎవర్నీ పట్టించుకోలేదు. టేబుల్ ఎక్కి, హనుమాండ్లు పక్కన కూర్చుని, అతని నోటి మీద అరచెయ్యి పెట్టింది. తియ్యమన్నా తియ్యలేదు.

మంజూష సిరంజి ట్రేలో పెట్టేసింది. "హనుమాండ్లు గారూ, తినడం సంగతి వదిలేయండి. పొద్దున లేచినప్పట్నుంచీ మీ నోట్లోకి ఏమేం పోయింది?"

నొప్పి చెయ్యి కాస్త పక్కకు జరిపింది.

"ఏం లేదు మేడం. ఎల్లమ్మ తల్లి దర్శనానికి పోయినం. మా ఇంటామె దోసెడు పెరుగన్నం పెట్టింది. గది ప్రసాదం గదా, తిండి ఎట్లయితది?"

రఘురామ్ నెత్తి కొట్టుకున్నాడు. ఆపరేషన్ మర్నాటికి వాయిదా పడింది. నొప్పి మళ్లీ బెంచీ మూలకు చేరింది. బయట హనుమాండ్లు భార్య రుద్రమ్మ గయ్యిమంది. "అమ్మవారి ప్రసాదం వద్దంటరా ఎవరన్న? కళ్లు పోవా?"

"వద్దనక్కర్లేదమ్మా" అంది మంజూష. "రేపు ఆపరేషన్ అయ్యాక, నేను చెప్పినప్పుడు పెట్టండి. ఇవాళ మత్తిచ్చి ఉంటే మనిషి దక్కేవాడు కాదు."

రుద్రమ్మ అక్కడే కూలబడింది.

మంజూష గోడకు ఆనుకుని నిలబడిపోయింది. రత్నమాల అబద్ధమాడలేదేమో! ఎనిమిది నెలలు ఆవిణ్ణి తిట్టుకున్నందుకు సిగ్గుతో ఏడుపొచ్చింది. పాత ఫైలు తీయించి, ఆవిడ భర్త జోగారావుకు ఫోన్ చేసింది.

"ఆ రోజు ఆవిడ ప్రసాదం ఏమైనా తీసుకున్నారాండీ?"

అవతల తలుపు మూసిన చప్పుడైంది.

"నేనే పెట్టానండి" అన్నాడు జోగారావు. "మా అమ్మ పంపిన అన్నవరం ప్రసాదం. నోరు తెరవమని నేనే... ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదండి. పిల్లలకి కూడా."

"మీ తప్పు కాదండి. తిన్నారా అని అడిగాను గానీ ప్రసాదం గురించి అడగలేదు. అడగాల్సింది నేను."

అవతల ఆయన వెక్కి వెక్కి ఏడ్చాడు. తేరుకున్నాక, "మా రత్నం నొప్పి ఇంకా అక్కడే ఉందంటగా? రావడానికి మొహం చెల్లలేదండి" అన్నాడు.

"ఉందండి. రండి."

సాయంత్రం ఆరింటికి అంత ట్రాఫిక్‌లో బైకు మీద వచ్చాడు. హెల్మెట్ తియ్యకుండానే మెట్లెక్కి, బెంచీ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఇంటికెళ్దామా?"

నొప్పి లేచింది. మంజూష కిందిదాకా వచ్చింది. నొప్పి బైకు వెనక సీటు మీద ఓ పక్కకు తిరిగి కూర్చుని, రెండు చేతులతో జోగారావు చొక్కా పట్టుకుంది.