సన్నబడ్డ పీపా

బజారంతా ఆయన్ని పీపా అనేది. ఆయనకు కోపం వచ్చేది కాదు. లావుపాటివాళ్లకు మాత్రమే బట్టలమ్మే కొట్టుకు అంతకన్నా మంచి బోర్డు ఎక్కడ దొరుకుతుంది? బేరంలో ఆయనదో పద్ధతి ఉండేది. వచ్చినవాడు సిగ్గుతో నసుగుతుంటే, అదే చొక్కా ముందు తాను తొడుక్కుని అద్దం ముందు తిరిగి చూపించేవాడు. ఈయనకే పట్టిందంటే మనకేం అనుకుని వాడు ధైర్యంగా బట్టలు మార్చుకునే చెక్క గదిలోకి వెళ్లేవాడు.

మోకాళ్లు మొరాయించాక, డాక్టరు మాట విని ఏడాది తిరిగేలోపు సగం మనిషయ్యాడు. లాభమే అనుకున్నాడు. తీరా చూస్తే అద్దంలో పాత పీపాయే కనిపించేవాడు. మనుషుల్లేని సందులో కూడా పక్కకు తిరిగి నడిచేవాడు. చొక్కా విప్పితే మరీ ఘోరం. సరుకు అమ్ముడుపోయి సంచి మిగిలినట్టు పొట్ట మీద చర్మం వేలాడేది. అది ఎవరి కంటా పడకూడదని పాత చొక్కాల్లోనే తిరిగేవాడు. ఇంట్లో కూడా తలుపు గడియ పెట్టుకునే బట్టలు మార్చేవాడు.

"ఏమండీ, ఆ చొక్కాలో మీరెక్కడున్నారో చెయ్యి పెట్టి వెతుక్కోవాల్సి వస్తోంది" అనేది గల్లా దగ్గర కూర్చునే భార్య.

పాత గిరాకీలు వచ్చి, ఆయన్ని ఎగాదిగా చూసి, తమ పార్టీ మనిషి అవతలి పార్టీలో చేరినట్టు మొహం మాడ్చుకుని పోయేవారు.

ఒకరోజు బస్సు డ్రైవరు వచ్చాడు. కూతురి కాలేజీలో సభ ఉంది, తండ్రినీ వేదిక మీదికి పిలుస్తారట. చొక్కా పట్టుకుని గదిలోకి వెళ్లినవాడు ఎంతకీ బయటికి రాడు.

"పట్టలేదా తమ్ముడూ?"

"పట్టింది."

"మరి రావేం?"

"ఇదివరకు నువ్వూ నాలాగే ఉండేవాడివన్నా. ఇప్పుడు నీ ముందుకు రావాలంటే సిగ్గేస్తోంది."

ఒక బేరం పోతే పోనీ, ఈ మాట నిలిచిందంటే ఇన్నేళ్ల వ్యాపారం మునిగినట్టే. పీపా కాసేపు తటపటాయించి, తెర తీసుకుని లోపలికి వెళ్లి, తన చొక్కా విప్పేశాడు.

డ్రైవరు ఆ వేలాడే చర్మం వంక వంగి చూశాడు.

"ఇదేంటన్నా, లోపల ఇంకో చొక్కా వేసుకున్నావ్?"

"విప్పుదామంటే బొత్తాలు లేవురా."

"ఇస్త్రీ చేయించకపోయావా?"

"ముందు నువ్వు చేయించుకో. కాలకపోతే నేనూ చేయించుకుంటా."

ఇద్దరూ నవ్విన నవ్వుకు చెక్క గోడ ఊగింది. డ్రైవరు కొత్త చొక్కాతో ఛాతీ విరుచుకుని వచ్చాడు. వెనకే పీపా, వాడి భుజం దగ్గర కుట్టు సరిచూస్తూ, చొక్కా లేకుండానే కొట్టు నడుమకు వచ్చేశాడు. భార్య చూసింది. అప్పుడు చూసుకున్నాడాయన. దాచుకుందామంటే చేతులు చాలలేదు.

"అలా చూస్తావేం, బిల్లు రాయి."

"రాస్తాను. ముందు మీరిటు రండి" అని ఆవిడ టేపు తీసి ఆయన నడుము చుట్టూ వేసింది. "ఊపిరి బిగబట్టకండి, కొలత తప్పొస్తుంది" అంది.

ఆయన ఊపిరి వదిలాడు.