అర్థం కాలేదు సార్

లిఫ్టాయన్ని ఆరో అంతస్తు గదిలోకి పిలిచారంటే ఏడాది పుస్తకం అచ్చుకు వెళ్తోందని లెక్క. వాటాదారులకి కంపెనీ ఏటా పంపే పుస్తకం అది. ముందుగా దాన్ని ఆయనకి చదివి వినిపిస్తారు. ఏది అర్థమైందో ఏది కాలేదో చెప్పి కిందకి వచ్చెయ్యాలి.

"నీకు అర్థమవుతోందా లేదా అన్నదే మాకు కొలత పెద్దాయనా" అని మొదటి ఏడు మేనేజరు భుజం తట్టాడు. ఆ మాట భార్యకి చెప్పి మురిసిపోయాడు కూడా.

ఈసారి ప్రెస్సువాళ్ళు తొందర పెట్టడంతో ఆయన్ని కూర్చోబెట్టుకునే దిద్దుతున్నారు. పుస్తకం రాసే అమ్మాయి పక్కనే కుర్చీ వేశారు.

మేనేజరు చదివాడు. "నూలు ధర పెరిగింది. మనం ముందే కొనిపెట్టుకోలేదు. అందుకే లాభం తగ్గింది. అర్థమైందా?"

"శుభ్రంగా అర్థమైంది సార్."

మేనేజరు మొహం మాడ్చుకున్నాడు. అమ్మాయి అదంతా కొట్టేసి వేరేగా రాసిచ్చింది. మేనేజరు మళ్ళీ చదివాడు.

"ముడిసరుకు విపణిలోని ప్రతికూల పరిణామాల నేపథ్యంలో లాభదాయకత పునఃసమీకరణకు లోనైనది. ఇప్పుడో?"

"ముక్క అర్థం కాలేదు సార్."

"భేష్. ఉంచెయ్."

లిఫ్టాయనకి అప్పుడు వెలిగింది. అంటే ఇన్నేళ్ళూ తనకి అర్థమైన మాటనల్లా ఏరి పారేశారన్నమాట. జల్లెడ తనే. గింజలు పారబోసి పుస్తకం నిండా తవుడు పోశారు. లేచి వెళ్ళిపోదామంటే ఏమని చెప్పి వెళ్తాడు?

మేనేజరు కాగితం తిప్పాడు. "పాత షెడ్డు వచ్చే ఏడు మూసేస్తాం. అక్కడివాళ్ళకి వేరే పని చూపించలేం. దీనికి సభలో వాటాదారులు చేతులెత్తి ఒప్పుకోవాలి. అర్థమైందా?"

ఆయన బావమరిది ఆ షెడ్డులోనే పని చేస్తాడు. ఒకప్పుడు కంపెనీ బోనసుకి బదులు వాటాలు పంచింది. అప్పటినుంచి ఏటా సభ నిండా షెడ్డువాళ్ళే వస్తారు, ఎత్తమన్నప్పుడల్లా చేతులెత్తుతారు, టీ తాగి వెళ్తారు. ఈ ముక్క కూడా తవుడైపోతే వాళ్ళ పొట్ట కొట్టడానికి వాళ్ళే చేతులెత్తి పోతారు.

అర్థమైందంటే కొట్టేస్తారు. పోనీ బావమరిదికి చెబుదామా అంటే వాడి నోట్లో నువ్వుగింజ నానదు. గదిలో విన్నది బయట పొక్కిందో, ఉద్యోగం ఊడినట్టే.

"అర్థం కాలేదు సార్."

"ఇందులో అర్థం కానిదేముందయ్యా? అన్నీ చిన్న మాటలేగా."

"షెడ్డు మూస్తామంటే... తలుపులా సార్? అవి రోజూ మూస్తూనే ఉన్నారుగా."

మేనేజరు పగలబడి నవ్వాడు. అమ్మాయి నవ్వలేదు. ఆయన వంక ఓ చూపు చూసి తల దించుకుంది.

"ఇంతకంటే కష్టంగా రాయక్కర్లేదేమో సార్. ప్రెస్సువాడు కింద కూర్చునున్నాడు" అంది.

"సరే, కానీ. నీ బుర్రకి బూజు పట్టింది పెద్దాయనా."

"వయసు సార్."

పుస్తకం అచ్చయి ఇంటింటికీ వెళ్ళింది. సభ రోజున షెడ్డువాళ్ళంతా విడతలు విడతలుగా లిఫ్టెక్కారు. అందరి చేతుల్లోనూ ఆ పుస్తకమే. పైన సభలో ఒక్క చెయ్యీ లేవలేదు. షెడ్డు మూత ఏడాది వాయిదా పడింది.

ఆ సాయంత్రం బావమరిది వచ్చాడు.

"ఏం బావా, ఏటా ఆ గదిలో కూర్చుంటావే. ఈ ముక్క నీకు చదవలేదా?"

"చదివార్రా."

"మరి చెప్పలేదేం?"

"అర్థం కాలేదు."

"మూసేస్తామంటే అర్థం కాలేదా? ఇలాంటి మొగుడితో ఎలా వేగుతున్నావే అక్కా?"

"ఆయనకి రెండే తెలుసురా. పైకీ, కిందకీ" అంది భార్య.

అక్కాతమ్ముళ్ళు నవ్వుకున్నారు. నిజం చెబుదామని లిఫ్టాయనకి నాలుక చివరిదాకా వచ్చింది. తల వంచుకుని అన్నం తిన్నాడు.

మర్నాడు పొద్దున మేనేజరు ఒక్కడే లిఫ్టెక్కాడు. మూడో అంతస్తు దాటాక తనే చెయ్యి చాచి ఆపే మీట నొక్కాడు. పెట్టె గోడల మధ్య వేలాడింది.

"తలుపులా అని అడిగావు కదూ."

"అడిగాను సార్."

"నీ బావమరిది ఆ షెడ్డులోనేనటగా."

"అక్కడే సార్. నిన్న ఇంటికొచ్చి మరీ తిట్టాడు, నాకు బుద్ధి లేదని."

మేనేజరు ఆయన మొహంలోకి చాలాసేపు చూశాడు. లిఫ్టాయన గోడకేసి చూశాడు.

"వచ్చే ఏడు ఆ ముక్కే మళ్ళీ రాయాలి. కుర్చీలో నువ్వే ఉండాలి. సెలవూ గిలవూ అంటే కుదరదు. నీలాంటివాడు మళ్ళీ దొరకడు."

"అలాగే సార్."

"ఇక పోనీ."

లిఫ్టాయన చెయ్యి ఎన్నో ఏళ్ళ అలవాటు కొద్దీ ఆరో మీట దాకా వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది.

"ఎన్నో అంతస్తు సార్?" అని అడిగాడు.