ఆఖరి పదహారు పేజీలు

చేవెళ్లలో బట్టల దుకాణం నడిపే విశ్వేశ్వర్‌కు నాలుగేళ్లుగా ఇంకో ఉద్యోగం కూడా ఉంది. జీతం లేదు, సెలవు లేదు. సరుకు కోసం పట్నం పోయినప్పుడల్లా మొయినాబాద్‌లో అక్క శకుంతలమ్మ ఇంటి ముందు ఆగాలి. ఆమె ఇచ్చిన పేజీల కట్టను నలగకుండా తెచ్చి భార్య అరుణాదేవి చేతిలో పెట్టాలి. కట్ట నలిగిందంటే ఆ పూట కూరలో ఉప్పు ఉండదు.

ఇదంతా ఒక నవల చేసిన పని. గోల్కొండ సుల్తానుల కాలంలో బందరు నుంచి ఉప్పుబండ్లు తోలుకొచ్చే మల్లసాని అనే ఆడమనిషి కథ, మొత్తం ఏడు సంపుటాలు. విశ్వేశ్వర్ కంటి ఆపరేషన్ నాడు మెహదీపట్నం దవాఖానలో వదినామరదళ్లు ఐదు గంటలు పక్కపక్కన కూర్చోవలసి వచ్చింది. అంతకుముందు ఇరవై ఏళ్లుగా వాళ్ల మధ్య మాటలు అంతంతమాత్రమే. ఎప్పుడో ఒక పెళ్లిలో పెట్టిన చీర నచ్చలేదని మొదలైన మూతివిరుపులు అవి. ఆ రోజు అరుణాదేవి చేతిలో మొదటి సంపుటం ఉంది. శకుంతలమ్మ కాసేపు పక్క నుంచి తొంగి చూసింది. ఇక ఆగలేక పిన్నీసుతో కుట్టు విప్పి, మరదలు అప్పటికే చదివేసిన సగాన్ని ఊడదీసుకుంది.

"గిట్ల పక్కకెల్లి సదివితె మెడ పట్టుకుంటది" అంది, అదేదో మర్యాదైన పని అయినట్టు.

అప్పటి నుంచి కొత్త సంపుటం వచ్చిన రోజే దాన్ని పదహారేసి పేజీల కట్టలుగా విప్పేసేవాళ్లు. పెద్దది కాబట్టి వదిన ముందు చదవాలి, తర్వాత మరదలు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫోన్లో చర్చ. ఇద్దరూ వ్యాపారం ఇళ్లలో పుట్టి పెరిగినవాళ్లు. సైన్యం వస్తుందంటే ఎద్దులను ఎక్కడ దాచాలి, ముసురు పడితే ఉప్పు బస్తాలను ఎలా కాపాడాలి, రాసినాయనకు ఇవన్నీ తెలుసు. రాజుల గొడవ ఎంతసేపు రాసినా అది బండి వెనక నడిచేవాళ్ల కాళ్లకు ఎలా తగిలిందో మరిచిపోడు. అందుకే అంత ప్రేమ ఆ పుస్తకమంటే.

ఏడో సంపుటంలో ఆఖరి కట్ట మిగిలింది. మూసీ పొంగింది, బండ్లు ఒడ్డున నిలిచిపోయాయి, బస్తాలు తడుస్తున్నాయి. సరిగ్గా అక్కడ మొయినాబాద్ నుంచి కట్టలు రావడం ఆగిపోయింది.

ఒకరోజు కళ్లద్దాలు పగిలాయంది వదిన. ఇంకోరోజు చుట్టాలొచ్చారంది. వారం ఓపిక పట్టి, ఎనిమిదో రోజు అరుణాదేవి ఎవరికీ చెప్పకుండా కోఠీకి పోయి ఏడో సంపుటం ఇంకొకటి కొనుక్కుంది. తిరుగు బస్సులోనే ముగింపు చదివేసింది. మల్లసాని ఏరు దాటింది. సగం ఉప్పు ఏటిపాలైంది. అరుణాదేవి ముక్కు చీదుకుంటూ ఇంటికొచ్చి పుస్తకాన్ని పట్టుచీరల కింద దాచింది.

ఎందుకు దాచినట్టు? కథ అయిపోయిందని ఒప్పుకుంటే, రేపటి నుంచి వదినకు ఫోన్ చేసి ఏం మాట్లాడాలి? మళ్లీ ఆ పెళ్లి చీర కాలానికే పోతామని ఆమె భయం. రోజూ ఫోన్ మాత్రం చేస్తూనే ఉంది. కట్ట రాలేదన్న పేరు మీద ఎన్నాళ్లు వీలైతే అన్నాళ్లు.

ఈలోగా ఇంకో మంచి చారిత్రక నవల దొరికించుకోవాలని పట్టుబట్టింది. మూడు పుస్తకాల మొదటి కట్టలు భర్త సంచిలో మొయినాబాద్ పోయాయి. మూడూ తిరిగొచ్చాయి.

"గుర్రం నాలుగు దినాలు ఉరికింది, ఒక్కతాన నీళ్లు తాగలే. రాసినాయన గుర్రాన్ని ఎన్నడన్న చూసిండా?" అని మొదటిదాని మీద వదిన తీర్పు. రెండోదానిలో రాణికి ఏడవడం తప్ప పని లేదు. మూడోదాన్ని "పరీక్షకు బట్టీ కొట్టే నోట్సు" అని తేల్చేసింది.

నాలుగోది అరుణాదేవి తానే పట్టుకుని బస్సెక్కింది. బట్టలకు నీలిరంగు అద్దే ఇళ్ల కథ అది.

శకుంతలమ్మ చాయ్ ఇచ్చింది. కళ్లద్దాలు ముక్కు మీద నిక్షేపంగా ఉన్నాయి. మరదలు వాటినే చూస్తోందని గమనించి, లేచి లోపలికి పోయి పదహారు పేజీల కట్ట తెచ్చి ఒళ్లో పెట్టింది. అంచులు మెత్తబడేదాకా చదివిన కట్ట.

"సదివి మూడు వారాలాయె. పంపితే అయిపోతది గదా అని పంపలే."

అరుణాదేవి చాయ్ గ్లాసు కింద పెట్టింది. "వదినా, నేను గూడ ఒకటి చెప్పాలె..."

"సదివేసినవ్. నాకెరుక."

"ఎట్ల ఎరుక? ఆయన చెప్పిండా?"

"వానికేం తెల్వది. మొదటి వారం ఫోన్ జేసినప్పుడల్లా మల్లసాని ఏరు దాటిందా అని నా పానం తిన్నవ్. ఆ తర్వాత ఒక్కనాడన్న అడిగినవా? వదినా తిన్నవా, మోకాలు ఎట్లున్నది, గోలీ ఏసుకున్నవా... రెండు వారాల సంది గదే ముచ్చట." శకుంతలమ్మ కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది. "గోలీ ఏసుకున్నవా అని ఇంట్ల ఒక్కరు అడగరు. అందుకే ఎరుక లేనట్టు ఊకున్న."

ఒక చీర కోసం ఇరవై ఏళ్లు పాడుచేసుకున్నామే అనుకుంది అరుణాదేవి. వదిన చేయి పట్టుకుని కూర్చుంది.

కాసేపటికి శకుంతలమ్మ చేయి విడిపించుకుని కొత్త పుస్తకం తెరిచింది. రెండు పేజీలు చదివింది. మూడో పేజీలో వేలు పెట్టి ఆగింది.

"గీ ఎద్దుకు నీళ్లు తాపిన్రు" అంది. కొంగు నుంచి పిన్నీసు తీసి కుట్టు విప్పి, మొదటి కట్ట మరదలికి ఇచ్చింది. "ఈసారి ముందుగాల నువ్వే సదువు."

అరుణాదేవి చేవెళ్ల బస్సెక్కి కట్ట తెరిచిందో లేదో, ఫోన్ మోగింది. అప్పుడే కథ అడుగుతుందేమో అనుకుంది.

"సీటు దొరికిందా?" అంది వదిన.