తనది కాని పాపం

లిఫ్టు మేస్త్రిని ఆ చర్చి సంఘంలో అందరూ సాక్ష్యం మేస్త్రి అనేవాళ్లు. వారమంతా ఆఫీసు భవనాల్లో లిఫ్టుల తీగలకూ మోటార్లకూ గ్రీజు పూసే మనిషి, ఆదివారం మైకు అందుకున్నాడంటే రాయి కూడా కరగాల్సిందే. ఇరవై నిమిషాల సాక్ష్యం. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ జేబురుమాలు తీయాలో అతనికి తెలుసు. అలాగని అది దొంగ ఏడుపు కాదు. పదకొండేళ్లుగా చెప్పిన ప్రతిసారీ నిజంగానే ఏడ్చాడు.

"తాగొచ్చాను. డాబా మీదికి తెరుచుకునే తలుపుకి గడియ వేయకుండా పడిపోయాను. మూడేళ్ల నా కూతురు ఆ తలుపులోంచి వెళ్లి, పిట్టగోడ లేని వైపు నుంచి కిందపడి పోయింది. నా బిడ్డని నేనే చంపుకున్నాను. నాలాంటివాణ్ణి కూడా ప్రభువు క్షమించాడు."

అతను అక్కడికి వచ్చేసరికి ఆడవాళ్లు ముక్కులు తుడుచుకునేవాళ్లు. ఆ తర్వాత హల్లెలూయలతో హాలు మారుమోగేది.

అతని భార్య మూడో వరసలో, ఫ్యాను కింద కూర్చుని వినేది. ఆమె బట్టల ఫ్యాక్టరీలో చెకింగ్ పని చేస్తుంది. రోజుకు ఆరేడు వందల చొక్కాలు తిరగేసి, కుట్టు తప్పిన చోటల్లా ఎర్ర స్టిక్కరు అంటిస్తుంది. ఆమె కన్నుగప్పి ఒక్క దారప్పోగు కూడా పోలేదని సూపర్‌వైజరు అందరి ముందూ మెచ్చుకుంటాడు. అంత కన్నున్న మనిషికి ఆ గడియ సంగతి తెలియకుండా ఉంటుందా? తెలుసు. గడియ వేయనిది ఆమే.

ఆ మధ్యాహ్నం అతను తాగొచ్చి వీధి గుమ్మంలోనే బోర్లా పడ్డాడు. డాబా తలుపు దాకా పోనేలేదు. ఆ తర్వాత ఆరిన బట్టలు తెద్దామని ఆమె డాబా మీదికి వెళ్లింది. రెండు చేతులనిండా బట్టలతో వచ్చి, తలుపును కాలితో నెట్టింది. బట్టలు మంచం మీద పడేసి గడియ వేద్దామనుకుంది. ఇంతలో పొయ్యి మీద పాలు మాడుతున్న వాసన వచ్చింది. వంటింట్లోకి పరిగెత్తింది.

జనం పోగైనప్పుడు ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. అందరి చూపులూ తాగిన మనిషి మీదే. మత్తులో ఏం చేశాడో గుర్తులేని అతనూ తల బాదుకుంటూ "నేనే, నేనే గడియ వేయలేదు" అన్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే ఆమె భుజాలు తడుముకోవాల్సింది పోయి అతను తడుముకున్నాడు. ఆ రోజు ఆమె నోరు పెగల్లేదంటే ఎవరైనా అర్థం చేసుకుంటారు. పది రోజులు పోయినా చెప్పలేదు, అప్పటికి అతను తాగుడు మానేశాడు. ఏడాది తిరిగినా చెప్పలేదు, అప్పటికి అతను కొట్టడమూ మానేశాడు. పొద్దున్నే లేచి మోకాళ్ల మీద ప్రార్థన చేసుకుని, టీ కాచి ఆమె చేతికిచ్చి, తల వంచుకుని పనికి పోయేవాడు.

అతని తల్లి ఉండేది. "నా మనవరాల్ని మింగినవాడి చేతి నీళ్లు నాకొద్దు" అని, ప్రాణం పోయే రోజున కూడా కొడుకు పట్టిన గ్లాసు నుంచి మొహం తిప్పేసుకుంది. కోడలు ఆ గ్లాసు అందుకుని తాగించింది. "నువ్వు బంగారం తల్లీ" అని కన్నుమూసింది ముసలావిడ. మొగుడు గుమ్మం బయట కూర్చుని అది విన్నాడు.

నోరు మూసుకుంటే మూసుకుంది, ఆ మౌనాన్ని వాడుకోవడం కూడా నేర్చింది మహాతల్లి. కూరలో ఉప్పు ఎక్కువైందని అతను నసిగితే ఒక్కసారి డాబా తలుపు వైపు చూసేది. అంతే, కిమ్మనకుండా తినేసేవాడు. ఒకప్పుడు అతను తన్నిన తన్నులకు వడ్డీతో సహా రాబట్టుకుంటున్నానని ఆమె మనసులో అనుకునేది.

ఆ ఏడాది జరిగే పెద్ద సువార్త కూటాల్లో మేస్త్రి సాక్ష్యం ఖాయమైంది. పోస్టర్ల మీద ఫోటో కూడా వేశారు. అంతటి మనిషి భార్య ఇంకా బాప్తిస్మం తీసుకోలేదంటే ఏం బాగుంటుంది? కూటాల ముందు ఆదివారమే ఆమెను నీళ్లలోకి దించుదామన్నారు. ఆ సంఘంలో ఒక పద్ధతుంది. బాప్తిస్మం తీసుకోబోయే ఆడవాళ్లు శుక్రవారం పాస్టరమ్మ గదిలో ఒంటరిగా కూర్చుని పాపాలు ఒప్పుకోవాలి. అబద్ధాలాడాననీ, తోడికోడలి మీద కుళ్లుకున్నాననీ చెప్పి పది నిమిషాల్లో బయటపడడం మామూలు. ఆమె కూడా అవే చెబుదామని వెళ్లింది. తీరా కూర్చున్నాక అసలు సంగతి అంతా చెప్పేసింది.

"అది పొరపాటు చెల్లెమ్మా, పాపం కాదు" అంది పాస్టరమ్మ.

"గడియ పొరపాటేనండి. తర్వాత పదకొండేళ్లు పొరపాటు కాదు. ఆయన ఏడుస్తుంటే నాకు హాయిగా ఉండేది."

పాస్టరమ్మ చాలాసేపు కళ్లు మూసుకుంది. ప్రార్థన చేస్తోందనుకుంది ఆమె.

"దేవుడు క్షమిస్తాడమ్మా. మేస్త్రిగారికి మాత్రం ఇప్పుడే చెప్పకు. కూటాలు అవ్వనీ. పోస్టర్లు కూడా అంటించేశారు కదా."

ఆమెకు ఒళ్లు మండింది. అంతకంటే ఎక్కువగా భయమేసింది. ఈ అబద్ధంతోనే నీళ్లలో మునిగి లేస్తే మొగుణ్ణి మోసం చేసినట్టే దేవుణ్ణీ చేసినట్టవుతుంది. ఇంటికి వెళ్లేసరికి అతను కూటాల కోసం తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

"ఏవండీ, ఆ రోజు గడియ వేయనిది మీరు కాదు. నేను. మీరు పడిపోయాక బట్టలు తెచ్చింది నేనే. మొదటి రోజు నుంచీ నాకు తెలుసు."

అతను ఇస్త్రీపెట్టె నిలబెట్టి స్విచ్చి కట్టేశాడు. కొడతాడనుకుంది. కొడితే బాగుండుననుకుంది కూడా. అతను కుర్చీలో కూలబడ్డాడు.

"నేను కాదా?"

"కాదు."

"మళ్లీ చెప్పు."

మూడుసార్లు చెప్పించుకున్నాడు. ఆ తర్వాత నవ్వాడు. నవ్వుతూనే లేచి నిలబడ్డాడు. ఆ మనిషి అంత పొడుగని ఆమె ఎప్పుడో మర్చిపోయింది.

"అయితే నేను పాపిని కాదన్నమాట!"

"ఆ ఒక్కటేనా అండీ? తాగొచ్చి నా చెయ్యి విరగ్గొట్టారు. కడుపుతో ఉన్నప్పుడు తన్నారు."

"అది సంసారం. ఎవరింట్లో లేదు?" అన్నాడు. తర్వాత, పదకొండేళ్లుగా ఆ ఇంట్లో వినపడని గొంతుతో, "ఏమే, అన్నం పెట్టు" అన్నాడు.

చేయని పాపానికి అన్నేళ్లు గుండెలు బాదుకున్నవాడు, చేసినవాటికి ఒక్క బొట్టు కూడా ఏడవలేదని ఆమెకు అప్పుడు తెలిసింది. కంచం తీసి వడ్డించింది.

ఆదివారం అతను మైకు అడిగి తీసుకున్నాడు. ఈసారి ఐదు నిమిషాలే. బిడ్డ చావుకి కారణం ఎవరో చెప్పాడు, తెల్లబట్టల్లో బాప్తిస్మం తొట్టి పక్కన నిలబడ్డ భార్యను వేలుపెట్టి చూపించాడు. "అయినా ఆమెని నేను క్షమించాను" అని చెయ్యి పైకెత్తాడు. పాస్టరమ్మ తల దించుకుంది. జనం ముందు బిత్తరపోయారు, తర్వాత హల్లెలూయ అన్నారు. మూడో వరస ఆడవాళ్లు ఆమె కుర్చీ పక్కనుంచి తమ కుర్చీలు జరుపుకున్నారు.

నడుంలోతు నీళ్లలో పాస్టరు అడిగాడు. "నీవు పాపివని ఒప్పుకుంటున్నావా?"

"ఒప్పుకుంటున్నాను."

హాల్లో అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది మేస్త్రి.

మునిగింది, లేచింది. గుండె మీద నుంచి బరువు నిజంగానే దిగిపోయింది. అంతమంది ఛీ కొడుతున్నా అది దిగిపోవడం ఆమెకు స్పష్టంగా తెలిసింది. ఏడుపొచ్చింది. తొట్టి బయటికి రాగానే తువ్వాలు కప్పడం ఇంటివాళ్ల పని. మేస్త్రి తువ్వాలు భుజాన వేసుకుని, తన వీపు తట్టి ఓదారుస్తున్నవాళ్లకు చేతులిస్తున్నాడు. తడిబట్టలు ఒంటికి అతుక్కుపోయి, ఆమె పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

"ఇలా ఇవ్వండి" అంది.

"ఉండు. అందరూ నిన్ను కాసేపు చూడనీ."

ఆమెకు కోపం రాలేదు. అతని మొహం చూసి భయపడింది. ఇంతకాలం అతను దేవుడి కాళ్లు పట్టుకున్నది ఆ ఒక్క పాపాన్ని నమ్ముకునే. దాన్ని తను లాక్కున్నాక ఇక ఇతను ఎవరి కాళ్లు పట్టుకుంటాడు?

"ఏవండీ, మీరు కూడా ఒక్కసారి మోకరించండి. నా కోసం కాదు, మీ కోసం."

"నేనా?" అతను చుట్టూ ఉన్నవాళ్లను చూసి నవ్వాడు. "నేనేం చేశానని?"

నిజమే కదా, అతనేం చేశాడన్నట్టు అందరూ ఆమె వంకే చూశారు.