గీత మీద పడిన సర్వు

నేను ఒక సున్నం బండిని. సున్నం బస్తాలు మోసే బండిననుకునేరు, కాదు. గీతలు గీసే బండిని. ముందు ఒక చక్రం, దాని మీద రేకు పొట్ట, పొట్ట అడుగున సన్నని చీలిక, వెనక తొయ్యడానికి రెండు పిడులు. పొట్టలో పొడి సున్నం పోసి తోసుకుంటూ వెళితే నా వెనక తెల్లగా గీత పడుతుంది. పని చిన్నదే. కానీ మట్టి టెన్నిస్ కోర్టులో ఆ గీత లేకపోతే బంతి లోపల పడిందో బయట పడిందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. ప్రపంచంలోకెల్లా గొప్ప సర్వు ఎవరిదని మనుషులు గొంతులు చించుకుంటారు కదా, అది అసలు సర్వో కాదో ముందు తేల్చాల్సింది గీతే. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను.

నన్ను పుట్టించినవాడు కాకినాడ జగన్నాథపురంలో వెల్డింగు షాపు ఖాసిం. కిరసనాయిలు డ్రమ్ము రేకు కోసి నాకు పొట్ట చేశాడు. గోదాములో మూలపడ్డ తోపుడు బండి చక్రం ఒకటి ఊడదీసి తగిలించాడు. అంతా అయ్యాక గుప్పెడు సున్నం పోసి షాపు ముందు రోడ్డు మీద తోసి చూశాడు. గీత ఎదురు షాపు దాకా సూటిగా వెళ్ళింది. "అబ్బ, ఏం పోతోందిరా!" అని తనలో తనే మురిసిపోయాడు. నేను పుట్టాక విన్న మొదటి మెచ్చుకోలు అది, ఇప్పటికీ మరిచిపోలేదు.

నన్ను చేయించుకున్నది ఒక హైస్కూలు డ్రిల్లు మాస్టారు. మంచాయనే, కానీ నడిచేటప్పుడు మనిషి కుడివైపుకి ఒరిగిపోతాడు. నేను సూటిగా పోదామన్నా ఆయన నడక పోనివ్వదు. ఒక ఆగస్టు పదిహేనున పరుగు పందెంలో ఇద్దరు పిల్లలు ఎవరి గీతల మధ్య వాళ్ళు బుద్ధిగా పరిగెత్తి సగం దూరంలో ఒకరినొకరు గుద్దుకున్నారు. మాస్టారు వచ్చి నా చక్రాన్ని కాలితో ఒక్కటి తన్నారు. తమ చేతి వంకర పనిముట్టు నెత్తిన రుద్దడం మనుషులకు ఎంత తేలికో నాకు ఆనాడే తెలిసింది. ఆయన రిటైరయ్యాక స్కూలు వాళ్ళకు వాలీబాల్ నెట్టు కావలసి వచ్చింది. టెన్నిస్ క్లబ్బు వాళ్ళ దగ్గర చిరుగుల నెట్టు ఒకటి ఉంది. అది ఇటొచ్చింది, నేను అటు వెళ్ళాను.

నన్ను క్లబ్బుకు తోసుకెళ్ళినవాడు నూకరాజు. అప్పటికి పాతికేళ్ళు ఉంటాయేమో. అతనికీ ఉద్యోగంలో అదే మొదటి రోజు. మెంబర్లకు జోడీ దొరకనప్పుడు అవతలి వైపు నిలబడి ఆడేవాణ్ణి క్లబ్బుల్లో మార్కర్ అంటారు. నూకరాజు ఆ మార్కరు. పోతే, గీతలతో కోర్టుకు మార్కు పెట్టేదాన్ని కనక నన్నూ మార్కర్ అనే పిలిచేవారు. "మార్కర్ ఏడీ?" అని ఎవరైనా కేకేస్తే నూకరాజు పరిగెత్తుకొచ్చేవాడు. "నువ్వు కాదయ్యా, బండి!" అనేవారు. అందరూ నవ్వేవారు. ముప్ఫై ఏళ్ళలో ఈ తికమకను సరిచేద్దామని ఒక్కరికీ తోచలేదు.

మార్కరు ఉద్యోగంలో ఒక చిత్రం ఉంది. ఎంత బాగా ఆడగలిగినా ఆడకూడదు. మెంబరు ఎక్కడ నిలబడితే బంతి అక్కడికే, ఆయన రాకెట్టు ఎంత ఎత్తులో ఉంటే అంత ఎత్తుకే, పెళ్ళిచూపులకు వెళ్ళినంత మర్యాదగా వెళ్ళాలి. మెంబరు గారు అవుటంటే అవుటు, ఇన్నంటే ఇన్ను. నూకరాజు నోట్లో నాలుక లేనట్టే ఉండేవాడు. బంతి గీతకు జానెడు లోపల పడినా మెంబరు "అవుట్" అంటే, "ఆయ్, అవుటేనండి" అనేవాడు. అలా అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. గీసింది నేనైతే, చెప్పేది వాళ్ళా?

అసలు నూకరాజును చూసింది నేనొక్కదాన్నే. తెల్లారగట్ల కోర్టు ఊడ్చి, నీళ్ళు చల్లి, నాతో గీతలు వేయించి, మెంబర్లు వచ్చేలోగా ఆరు బంతులు తీసుకుని బేస్‌లైను దగ్గర, అంటే కోర్టు చివరి గీత దగ్గర నిలబడేవాడు. అవతల ఎవరూ ఉండరు. బంతి పైకి విసిరేవాడు. వీపు విల్లులా వంగేది. తర్వాత చప్పుడే వినిపించేది, బంతి కనిపించేది కాదు. నెట్టు అవతల నేను గీసిన గీత మీద ఫట్టున సున్నం లేచేది. ఆరింటికి నాలుగైనా అలా గీత మీదే పడేవి. తర్వాత అతను ఏమీ ఎరగనట్టు బంతులు ఏరుకుని, గీత చెదిరిన చోట గుప్పెడు సున్నం చల్లి సరిచేసేవాడు. ఇంత విద్య చేతిలో పెట్టుకుని ఆ మనిషి రోజంతా ఉత్త బంతులు అందిస్తుంటే నాకు చాలా బాధగా ఉండేది.

సాయంత్రం ఆటయ్యాక వరండాలో కుర్చీలు పడేవి. ప్లీడరు జోగారావు గారు క్లబ్బుకు సెక్రటరీ. ఆయనది ఎడమచేతి వాటం. అందుచేత తనలాగే ఎడంచేతి వాడైన ఇవానిసెవిచ్ సర్వును మించింది లేదంటారు. ఇరిగేషన్‌లో ఇంజనీరుగా చేసి రిటైరైన సూర్యప్రకాశం గారు చెక్క రాకెట్ల నాటి పాంచో గొంజాలెస్ దగ్గరే ఆగిపోయారు. తను కళ్ళారా చూడలేదు, వాళ్ళ నాన్నగారు పేపరు చదివి చెప్పారట. డాక్టరు హైమవతి గారు ఆపరేషన్లప్పుడు మత్తు ఇచ్చే డాక్టరు. ఆవిడ పక్షం సెరీనా. అవతలివాళ్ళు ఎంత అరిచినా ఆవిడ కదలదు, మనుషులు కాసేపటికి వాళ్ళే మాట తగ్గిస్తారని వృత్తిరీత్యా ఆవిడకు తెలుసు.

"కార్లోవిచ్ సంగతి చెప్పండి, మనిషి ఏడడుగులకు అంగుళం తక్కువ!" అనేవారు ఒకరు. వెంటనే ఇంజనీరుగారు అంత ఎత్తు నుంచి బంతి ఎంత వాలుగా దిగుతుందో కాలవ లెక్క వేసినట్టు వేసి చూపించేవారు. నూకరాజు టీ గ్లాసులు అందిస్తూ అన్నీ వినేవాడు. అతని అభిప్రాయం ఎవరూ అడగలేదు. అన్నేళ్ళ వాదనలో రాకెట్టు పట్టుకుని బతికేవాడు అక్కడ అతనొక్కడే, ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

నాకు వయసు మీద పడింది. చక్రం వంకర తిరగడం మొదలుపెట్టింది, చీలిక తుప్పు తిని వెడల్పయింది. ఒకనాటి కమిటీ మీటింగులో ఇంజనీరుగారు నా వైపు చెయ్యి చూపించి, "బేస్‌లైను పాములా వస్తోందండీ, దీన్ని మార్చాలి" అన్నారు. నేను అక్కడే గోడకు ఆనుకుని ఉన్నాను. జోగారావు గారు మినిట్స్ పుస్తకం తీసి కోర్టు భాషలో రాసేశారు: "మార్కర్ బాగా పాతబడినందున, పని సరిగా చేయలేకపోతున్నందున, వచ్చే ఒకటో తేదీ నుంచి కొత్త మార్కర్‌ను తెచ్చుకోవాలని తీర్మానించడమైనది."

ఆ పుస్తకాన్ని మెంబర్ల ఇళ్ళకు తీసుకెళ్ళి సంతకాలు పెట్టించుకొచ్చే పని నూకరాజుది. క్లబ్బు మెట్ల మీద కూర్చుని విప్పి చూశాడు. ఒకసారి చదివాడు. వేలు పెట్టి మళ్ళీ చదివాడు. యాభై ఆరేళ్ళు, నొప్పెట్టే మోకాలు, వేరే పని చేతకాదు. ఎవరినీ అడగలేదు. అడిగే అలవాటు ఉంటేగా! సంతకాలన్నీ బుద్ధిగా పెట్టించుకొచ్చాడు, తన ఉద్యోగం తీసేసే కాగితమని నమ్ముతూనే. తర్వాత నా దగ్గరికి వచ్చి, చక్రానికి నూనె పోసి, రేకు మీద చెయ్యి వేశాడు.

"నాకిక్కడ నూకలు చెల్లిపోయాయే. నీకేం భయం లేదులే, నిన్నుంచుతారు" అన్నాడు.

నన్ను ఓదారుస్తున్నాడు! తీసేసింది నన్నురా నాయనా అని చెబుదామంటే నాకు నోరేదీ? ఆ పూట పడ్డ బాధ నేను జన్మలో పడలేదు.

నెలాఖరున, ఎండ తగ్గి గాలి తిరిగిన వేళ, వరండాలో వాదన మళ్ళీ రాజుకుంది. జోగారావు గారు మంచి ఊపు మీదున్నారు. "ఇవానిసెవిచ్ సర్వు ఎవడికీ అందదంటారు. నేనైతే రాకెట్టు తగిలించేవాణ్ణి. ఎడంచేతి వాడి కిటుకు ఎడంచేతి వాడికే తెలుస్తుంది" అన్నారు.

"అంత దూరం దేనికండీ? మన నూకరాజు సర్వు తీయండి, చూద్దాం" అన్నారు హైమవతి గారు.

"రోజూ తీస్తూనే ఉన్నాగా!" అంటూ ఆయన రాకెట్టు పట్టుకుని లేచారు. "ఏవయ్యా నూకరాజూ, రా. కాస్త గట్టిగా వెయ్యి, వీళ్ళు చూస్తారు."

నూకరాజు గ్లాసుల పళ్ళెం కింద పెట్టాడు. "ఎంత గట్టిగా ఎయ్యమంటారండి?"

"నీ చేతనైనంత!"

ముప్ఫై ఏళ్ళలో అతనితో ఆ మాట అన్నవాళ్ళు లేరు. బేస్‌లైను దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఇంకొక్క రోజే కదా అనుకున్నాడు కాబోలు. బంతి పైకి లేచింది. వీపు విల్లులా వంగింది. చప్పుడు వినిపించింది. రెండు సర్వీసు గీతలు కలిసే మూలన నా సున్నం లేచింది. బంతి వెనక కంచెకు తగిలి కింద పడేసరికి జోగారావు గారి రాకెట్టు ఇంకా నడుం దగ్గరే ఉంది.

ఆయన వెనక్కి తిరిగి బంతిని చూసి, "అవుట్!" అన్నారు.

"ఇన్నండి" అన్నాడు నూకరాజు.

"ఏవన్నావ్?"

"గీత మీద పడిందండి. సున్నం లేచింది."

జోగారావు గారు ఎర్రబడ్డారు. "నాకే చెబుతున్నావా? ఇంత ధైర్యం ఎక్కణ్ణించి వచ్చిందయ్యా నీకు?"

"ఒకటో తారీకునించి ఎలాగూ తీసేశారు కదండి" అన్నాడు నూకరాజు. "పుస్తకంలో చూసేనండి. మార్కర్ పాతబడ్డాడని రాసేరు కదండి."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. మొదట అందుకున్నది హైమవతి గారు. "అయ్యో నూకరాజూ! అది నీ గురించి కాదయ్యా! అదిగో, ఆ బండి గురించి!"

అందరూ నా వైపు తిరిగారు. అంతమంది ఒకేసారి నన్ను చూడటం నాకదే మొదలు. నూకరాజు కూడా చూశాడు. చూస్తూ చూస్తూ అక్కడే కోర్టులో చతికిలబడ్డాడు. నవ్వబోయాడు, ఏడుపొచ్చింది. భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఇంజనీరుగారు "ఎంత పని జరిగిందయ్యా" అని తల పట్టుకున్నారు.

జోగారావు గారు చెడ్డవారు కాదు. కానీ ప్లీడరు. సాక్షి తడబడినప్పుడు వదలడం ఆయనకు చేతకాదు. నెట్టు దాకా నడిచి వచ్చి నిదానంగా అడిగారు: "సరే. నీ ఉద్యోగం ఎక్కడికీ పోలేదు. ఎప్పట్లాగే ఉంటుంది. ఇప్పుడు చెప్పు నూకరాజూ, ఆ బంతి ఇన్నా, అవుటా?"

పోయిందనుకున్నది ఇప్పుడే చేతికి తిరిగొచ్చింది. "అవుటేనండి" అంటే చాలు, అందరూ నవ్వేసి టీ తాగుతారు. ఆ మాట అతని నాలుకకు ముప్ఫై ఏళ్ళుగా అలవాటు. నూకరాజు లేచి నిలబడ్డాడు. మోకాలికి అంటిన మట్టి దులుపుకున్నాడు.

"ఇన్నేనండి బాబుగారూ. ఉద్యోగం ఉన్నా ఇన్నేనండి."

హైమవతి గారు గుర్తు చూడటానికి వరండా మెట్లు దిగబోయారు. జోగారావు గారు చెయ్యెత్తి ఆపారు. "అక్కర్లేదండీ" అన్నారు. నెట్టు దగ్గర నుంచి వెనక్కి నడిచి, తన చోట వంగి నిలబడి, రాకెట్టు రెండు చేతులా బిగించి పట్టుకుని గట్టిగా అన్నారు:

"ఫిఫ్టీన్ లవ్. రెండోది వెయ్యి."

మార్కరుతో ఆడేటప్పుడు ఎవరూ స్కోరు చెప్పరు. నూకరాజు పేరున పడ్డ మొదటి పాయింటు అది. అది పడిన గీత నాది.

ఒకటో తేదీన కొత్త బండి వచ్చింది. రంగు వేసుకుని, మూడు చక్రాలతో, బాగానే ఉంది. నన్ను వెనక షెడ్డులో చిరిగిన నెట్ల పక్కన పెట్టారు. నాకు చిన్నతనంగా లేదు. ఇక్కడికి వరండాలో మాటలు స్పష్టంగా వినిపిస్తాయి. సెరీనా, గొంజాలెస్, ఎవరి పక్షం వారిదే. కానీ జోగారావు గారు పార్టీ మార్చేశారు. "మీరంతా టీవీలో చూసిన సర్వుల గురించి మాట్లాడతారు. నేను ఎదుర్కొన్న సర్వు సంగతి చెబుతాను, వినండి" అని మొదలుపెడతారు. ఆయన చెప్పిన ప్రతిసారీ ఆ బంతి వేగం పది కిలోమీటర్లు పెరుగుతుంది. మొన్న రెండొందల ముప్ఫై దాటించారు.

నూకరాజుకు ఇప్పుడు వరండాలో కుర్చీ ఉంది. మొన్న ఆ లెక్క వినగానే అందులోంచి అతని గొంతు వినిపించింది: "తప్పండి బాబుగారూ. అంత లేదండి."