ఐసెలా కుడి చెయ్యి

మా సాఫ్ట్‌బాల్ జట్టులో ఏ బంతి వెయ్యాలో దాన్ని విసిరే పిచర్ నిర్ణయించదు. బ్యాటర్ వెనక గొంతుక్కూర్చుని ఆ బంతి పట్టుకునే క్యాచర్‌ని నేను, నేనూ నిర్ణయించను. జట్టు కూర్చునే డగౌట్ గుమ్మంలో, మెత్తటి మూతున్న బంతుల బకెట్ మీద కూర్చుని కోచ్ ప్రూయిట్ మూడు అంకెలు అరుస్తుంది. మా ఇద్దరి మణికట్లకూ ఒకేలాంటి పట్టీ, దాని నిండా గళ్ళు. ఆ అంకెలు ఏ గడి చూపిస్తే ఆ బంతి. పైకి లేచేదో, కిందికి జారేదో, మెల్లగా వచ్చి బోల్తా కొట్టించేదో. తల అడ్డంగా ఊపడమన్నది మాకు లేదు. ఊపిన పిల్ల ఒకతె ఉండేదట. మా సీనియర్లు ఆమె సంగతి చచ్చిపోయినవాళ్ళ గురించి మాట్లాడినట్టు మాట్లాడేవాళ్ళు.

ఆ వసంతంలో అంకెలన్నీ పైకి లేచే బంతివే. చెయ్యి గుండ్రంగా తిప్పి, చివర్లో మణికట్టును కింది నుంచి మెలేసి వదలాలి. బరువంతా ముంజేతి ఎముక మీద పడుతుంది. వేసేది ఐసెలా బారియెంటోస్, మొదటి ఏడాది పిల్ల. బక్కగా ఉంటుంది, కానీ బంతి వదిలితే నా అరచెయ్యి మండేది.

ఏప్రిల్ వచ్చేసరికి మండడం మానేసింది. ఫెళ్ళుమనే బంతి మెత్తగా టప్పుమంటోంది. ఒక ఇన్నింగ్స్ అయ్యాక నీళ్ళ డబ్బా దగ్గర ఐసెలాను పట్టుకున్నాను.

"చేతికేమైందే?"

"ఏం కాలేదు."

"నా గ్లవ్‌కి చెప్పకే అబద్ధాలు."

ఐసెలా నీళ్ళు తాగుతున్నట్టు నటిస్తూ మూతి అటు తిప్పుకుంది. "మోచేతికీ మణికట్టుకీ మధ్య, ఎముక లోపల ఎవరో గోరుతో గీరుతున్నట్టుంది. నా వైపు చూడకు రే, ఆవిడ చూస్తోంది."

నా పేరు రేలిన్ స్టంబో. అందరికీ రే. మూడో ఏడాది. మాది కాన్సస్‌లో గోధుమ పండే ఊరు. కాలేజీ ఈ ఆట పుణ్యాన వచ్చిందే. ఫీజు కట్టకుండా చదువుతున్నాను. ఆ స్కాలర్‌షిప్ ఏడాదికోసారి కోచ్ సంతకంతో కొత్తదవుతుంది. ఆ సంతకం గుర్తుంచుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది.

కోచ్‌కు చెప్పకుండా ట్రైనర్ గదికి పోకూడదు. గాయాలు చూసే ట్రైనర్ బోయిడ్ మంచివాడే, కానీ అతనూ ఆవిడ అరుపుకు ఉలిక్కిపడేవాడే. ఈ నియమం ఎక్కడా రాసి లేదు. రాస్తే దొరికిపోతారు కదా. చెప్పి వెళ్ళినవాళ్ళు పసుపు చొక్కా వేసుకుని, సాధనంతా సున్నం గీత మీద నిలబడాలి. "మా పసుపు రాణిగారికి జలుబు చేసింది, తువ్వాలు పట్టండమ్మా" అని ఆవిడ అంటుంది. మేం నవ్వాలి. నవ్వేవాళ్ళం.

ఒక ఆట ఐసెలా వల్ల ఓడిపోయాం. అంటే ఓడిపోయింది మేమందరమే, 'వల్ల' అన్న మాట ఆవిడది. మర్నాడు మైదానంలో బకెట్ మీద ఐసెలాను కూర్చోబెట్టి, చేతికి నారింజ ఐస్ పుల్ల ఇచ్చింది.

"నువ్వు తిను తల్లీ. నీ బదులు వీళ్ళు పరిగెత్తుతారు. కరిగేదాకా పరిగెత్తుతారు. మెల్లగా తింటావో, గబగబా తింటావో నీ ఇష్టం."

కంచె నుంచి కంచెకు పరిగెత్తాం. ఐసెలా ఏడుస్తూ ఆ ఐస్‌ను కొరికి కొరికి మింగింది. అయ్యాక ఆవిడ ఇంకో పుల్ల ఇచ్చింది. మా కెప్టెన్, రెండో పిచర్ కారిన్ కంచె దగ్గర వాంతి చేసుకుని, మూతి తుడుచుకుని, ఐసెలా వైపు చూసి ఉమ్మింది. ఆవిడ వైపు చూసి కాదు. ఈ శిక్ష కనిపెట్టినవాళ్ళకు కావలసింది అదే.

దీన్నే మా దగ్గర క్రమశిక్షణ అంటారు. పశువులను ఇలా బాధపెడితే పోలీసులొస్తారు.

ఆవిడ ఎప్పుడూ రాక్షసిలా ఉండదు. అలా ఉంటే పని సులువయ్యేది. బుధవారాలు తన ఇంట్లో మాంసం, చిక్కుళ్ళు వేసిన చిల్లీ కూర వండి, పక్కన దాల్చినచెక్క రొట్టెలు పెట్టి, కొసరి కొసరి వడ్డించేది. నా తల నిమిరి "నా బంగారు క్యాచర్" అనేది. ఆ చెయ్యి తల మీద ఉన్నంతసేపు నాకు హాయిగానే ఉండేది.

అలాంటి ఒక బుధవారం, గిన్నెలు కడుగుతూ చెప్పాను. "కోచ్, ఐసెలా చెయ్యి బాగాలేదు. ఒక్క ఎక్స్‌రే తీయిస్తే..."

"నువ్వెప్పుడు డాక్టరమ్మవయ్యావు? బయాలజీ గట్టెక్కడానికే ఆపసోపాలు పడ్డట్టు గుర్తు నాకు."

"బంతి బరువు తగ్గింది కోచ్. నాకు తెలుస్తోంది."

ఆవిడ తువ్వాలు మడతపెట్టింది. నవ్వు చెదరలేదు. "తీయిద్దాం. పన్లో పనిగా నీ స్కాలర్‌షిప్‌కీ ఎక్స్‌రే తీయిద్దాం. లోపల ఎన్ని చిల్లులున్నాయో చూసుకోవచ్చు. ఆ రొట్టెలు మూటగట్టి పిల్లలకు పట్టుకెళ్ళు."

రొట్టెలు పట్టుకెళ్ళాను.

అమ్మకు ఫోన్ చేశాను. మా ఇంటి ముందు పచ్చిక మీద నా పేరూ, చొక్కా నంబరూ ఉన్న బోర్డు నాటించుకున్న మనిషి.

"మా కాలంలో కోచ్ గడ్డి కొయ్యమంటే కోసేవాళ్ళం తల్లీ. ఒక్క ఏడాది. పళ్ళ బిగువున లాగెయ్."

"నా సంగతి కాదమ్మా, ఆ పిల్ల చెయ్యి విరిగిపోతుంది."

"ఆ పిల్లకు అమ్మ లేదా?"

వేరే కాలేజీకి పోవచ్చు. పోతానని బదిలీ జాబితాలో పేరు ఎక్కించిన సాయంత్రానికే కోచ్‌కు తెలుస్తుంది, లాకరు ఖాళీ అవుతుంది. తీసుకోవాలనుకునేవాళ్ళు మొట్టమొదట ఎవరికి ఫోన్ చేస్తారు? ఆవిడకే. "పిల్ల ఎలాంటిది?" అని. ఉంటే ఆవిడ కింద, పోతే ఆవిడ నోట్లో.

అప్పుడు కోచ్ మీద విచారణ వచ్చింది. కిందటేడు మానేసి వెళ్ళిపోయిన ఒక పిల్ల తండ్రి విచిటా నగరంలో వకీలు. ఆయన కాలేజీని గట్టిగా పట్టుకున్నాడు. క్రీడల విభాగం ఉపాధికారి టీగ్ మమ్మల్ని ఒక్కొక్కరినే పిలిచి మాట్లాడతానన్నాడు. పేర్లు బయటికి రావన్నాడు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. అదే ఇందులో ఉన్న వెర్రితనం.

ఎందుకంటే ఆయన ఎంచుకున్న గది క్రీడల భవనంలో కోచ్ గదికి సరిగ్గా ఎదురుగా ఉంది. కోచ్ గదికి ముందు గోడంతా గాజు. నడవాలో కుర్చీలు వేశారు. వాటిలో మేం వరసగా కూర్చున్నాం. గాజు వెనక ఆవిడ ఏవో కాగితాలు చూసుకుంటూ కూర్చుంది. లోపల ఏం మాట్లాడారో ఆవిడకు వినపడక్కర్లేదు. ఎవరు ఎంతసేపున్నారో కనిపిస్తే చాలు. ఏమీ లేదన్నవాళ్ళు గబుక్కున బయటికొస్తారు. ఆలస్యమైందంటే నోరు విప్పిందన్నమాట.

ఇది మాకు పొద్దున్నే తట్టింది. టీగ్‌కు తట్టలేదు.

"నవ్వుతూ పోండి, నవ్వుతూ రండి," అంది కారిన్, వరస పొడవునా నడుస్తూ. "కుర్చీ వేడెక్కకూడదు. ఎవతైనా లోపల కాపురం పెట్టిందో, తర్వాత నాతో మాట్లాడాలి."

"ఒకటికొస్తే ఎలా అక్కా?" అని ఒక మొదటి ఏడాది పిల్ల అడిగింది. ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వు సగంలో ఆగిపోయింది, గాజు వెనక ఆవిడ తలెత్తింది.

ఒక్కొక్కరే వెళ్ళారు, వచ్చారు. తలుపు మూసుకోవడం, తెరుచుకోవడం. నా వంతు వచ్చింది. నా తర్వాత ఐసెలా.

టీగ్ ముందు చల్లారిన కాఫీ. మెత్తని మనిషి. "కోచ్‌తో ఏమైనా ఇబ్బందులున్నాయా?"

"లేవండి."

"భయపెట్టడం, గాయంతో ఆడించడం?"

నోటి చివర ఇంకో "లేదండి" సిద్ధంగా ఉంది. ఆయన కలం మూత పెట్టడానికి సిద్ధంగా ఉన్నాడు. ఆయనకూ ఇది తొందరగా తేలిపోవాలి. నేను లేచాను కూడా. తలుపు పిడి మీద చెయ్యి పెట్టాను. తలుపులో సన్నటి గాజు పట్టీ ఉంది. అందులోంచి ఐసెలా కనిపించింది. కుడి చేతిని ఒళ్ళో పెట్టుకుని, పసిబిడ్డను పట్టుకున్నట్టు ఎడమ చేత్తో పట్టుకుని కూర్చుంది.

వెనక్కి వచ్చి కూర్చున్నాను.

"ఉన్నాయి," అన్నాను.

ఐస్ పుల్ల చెప్పాను. పసుపు చొక్కా చెప్పాను. గ్లవ్‌లో బంతి చప్పుడు చెప్పాను. చెబుతున్నంతసేపూ నా వీపు మీద ఆ తలుపు మండుతూనే ఉంది. టీగ్ రాశాడు. చివరికి, "ఆ అమ్మాయి తనే చెబుతుందా? వేరేవాళ్ళ చెయ్యి గురించి నీ మాట మీద నేనేమీ చెయ్యలేను," అన్నాడు.

"తర్వాత వచ్చేది తనే. అడగండి."

బయటికొచ్చాను. ఎవరూ నా మొహం చూడలేదు. గాజు వెనక నుంచి కోచ్ ఒక్కతే చూసింది. వేళ్ళు ఆడించి, చిన్నపిల్లకు టాటా చెప్పినట్టు చెప్పింది.

ఐసెలా లోపలికి వెళ్ళింది. నేను షూ లేసు కట్టుకుని తలెత్తేసరికి బయట ఉంది. నవ్వుతోంది.

ఆ సాయంత్రం బట్టలుతికే గదిలో నన్ను యంత్రానికి అదిమిపెట్టినంత పని చేసింది.

"నిన్నెవరు అడిగారు? చెయ్యి నాది!"

"అందుకే నువ్వు చెప్పాల్సింది."

"చెప్పి? ఇంటికి తిరిగిపోయి? మా నాన్న మాంసం ప్యాకింగ్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. పొద్దున్నే ఆయన వేళ్ళు ముడుచుకోవు, తెలుసా? వేణ్ణీళ్ళలో ముంచి ఒక్కొక్కటే వంచుకుని కత్తి పట్టుకోడానికి పోతాడు. ఆయన ముందు నిలబడి నాకు చెయ్యి నొప్పిగా ఉంది నాన్నా అనాలా?"

"అనాలే! ఆయన వేళ్ళు అలా ఎందుకయ్యాయి? నొప్పి అని ఎవరూ అనకపోతేనే కదా!"

కొడుతుందేమో అనుకున్నాను. చెయ్యెత్తింది కూడా. ఆ చెయ్యి భుజం దాకా రాలేదు. ఇద్దరం దాని వంకే చూశాం. ఐసెలా బట్టలు తడివి తడిగానే బుట్టలో కుక్కుకుని వెళ్ళిపోయింది.

శనివారం ఆటలో నన్ను పక్కన పెట్టారు. ఎడమ కంచె అవతల, పిచర్లు చెయ్యి వేడిచేసుకునే చోట కారిన్ బంతులు పట్టుకోవడం నా పని. ఐసెలా బంతులు కొత్త క్యాచర్ చేత పట్టిస్తున్నారు. మాట అనలేదు, అరవలేదు. "విశ్రాంతి తీసుకో, బాగా మాట్లాడి అలిసిపోయావు," అంది కోచ్. అంతే.

"ఇప్పుడు తృప్తిగా ఉందా?" కారిన్ నా మొహానికి బంతి విసిరినంత పని చేసింది.

"నీకుందా?"

ఆమె తర్వాతి బంతి ఇంకా గట్టిగా విసిరింది.

గాలి మైదానం మీదుగా మా వైపే వీస్తోంది. కోచ్ అరుస్తున్న అంకెలు నాకు స్పష్టంగా వినిపిస్తున్నాయి. పట్టీ చూడక్కర్లేదు, కంఠతా వచ్చు. పైకి లేచేది. మళ్ళీ అదే. మళ్ళీ అదే. ఆవిడ ఆట ఆడించడం లేదు, ఒక మనిషిని విరగ్గొడుతోంది. స్టాండ్లలో జనం మొక్కజొన్న పేలాలు తింటున్నారు. మొదటి వరసలో టీగ్ కాలేజీ టోపీ పెట్టుకుని కూర్చున్నాడు.

మళ్ళీ అంకెలు. ఐసెలా పట్టీ చూసుకుంది. క్యాచర్ వైపు చూసింది. తర్వాత పిచర్ నిలబడే సున్నపు వలయం దాటి నడవడం మొదలుపెట్టింది. డగౌట్ వైపు కాదు, ట్రైనర్ వైపు కాదు. నేరుగా క్యాచర్ వెనక ఉన్న అంపైర్ దగ్గరికి. వారమంతా స్కూలు బస్సు నడిపే పెద్దావిడ ఆమె. ఆ మైదానంలో కోచ్ ప్రూయిట్ సంతకం అక్కర్లేని మనిషి ఆమె ఒక్కతే. మాకెవరికీ ఆ సంగతి తట్టలేదు.

"మేడం, నా చెయ్యి నొప్పిగా ఉంది," అంది ఐసెలా. గాలి మోసుకొచ్చింది. "చాలా రోజులుగా నొప్పిగా ఉంది. నేను వెయ్యలేను."

"బారియెంటోస్! వలయంలోకి నడు!" కోచ్ బకెట్ మీంచి లేచింది.

అంపైర్ రెండు చేతులూ పైకెత్తింది. "ఆట ఆపండి! ట్రైనర్!" కోచ్ అడ్డం రాబోతే అరచెయ్యి చూపించింది. "మీరు కాదమ్మా. ట్రైనర్."

బోయిడ్ పరిగెత్తుకొచ్చాడు. ఎవరి వైపూ చూడకుండా, అందరూ చూస్తుండగా, ముంజెయ్యి మీద బొటనవేలితో నొక్కాడు. ఐసెలా అరిచిన అరుపుకు పేలాలు తినే నోళ్ళన్నీ ఆగిపోయాయి.

ఆట అంతటితో ఆగలేదు. ఆటలు ఆగవు. "కారిన్!" అని పిలుపొచ్చింది. కారిన్ గేటు దగ్గర క్షణం నిలబడింది. తన కుడిచెయ్యి తనే తడుముకుంది. నా వైపు చూసి వెళ్ళిపోయింది.

బోయిడ్ ఐసెలాను మా గేటు మీదుగానే బయటికి తీసుకొచ్చాడు, ఆసుపత్రికి తీసుకెళ్ళే బండి అక్కడుంది. చేతికి చెక్క కట్టాడు. ఆమె మొహం సున్నంలా ఉంది. నేను పక్కన నిలబడ్డాను. ఆమె ఎడమ చెయ్యి నా మోచెయ్యి పట్టుకుంది.

టీగ్ మెట్లు దిగి ఆయాసపడుతూ వచ్చాడు. టోపీ చేతిలో ఉంది.

"అమ్మాయీ, మొన్న నా దగ్గర ఎందుకు చెప్పలేదు? నేనడిగాను కదా. ఆ గదిలో మనిద్దరమే ఉన్నాం కదా!"

ఐసెలా ఆయన వంక చూసింది. కోపం కూడా లేదు ఆ చూపులో.

"మీ గది తలుపు తీస్తే ఎదురుగా ఎవరు కూర్చుంటారో, మీరు ఒక్కసారైనా తల తిప్పి చూశారా సార్?"

ఆయన డగౌట్ వైపు తిరిగాడు. అక్కడ కోచ్ ప్రూయిట్ మళ్ళీ బకెట్ మీద కూర్చుని, కారిన్ కోసం మూడు అంకెలు అరుస్తోంది.